ప్రజిష ఫిర్యాదు

“వీడియోలు పెట్టడమెందుకు, తర్వాత ఏడవడమెందుకు? అవి తీసేసెయ్, గొడవే ఉండదు,” అన్నాడు ఎస్సై సుగుణన్.

“నేను ఏడవడం మీరెప్పుడు చూశారు సార్?” అంది ప్రజిష.

కేరళలో పయ్యన్నూరు రూట్లో ప్రైవేటు బస్సు డ్రైవరామె; బస్సు నడిపే వీడియోలు నెట్‌లో పెడుతుంటుంది. మధ్యాహ్నం ట్రిప్పు వదులుకుని, ఖాకీ చొక్కాతోనే స్టేషనుకి వచ్చింది. ఆరు నెలలుగా నాలుగు దొంగ ఖాతాల నుంచి ఒకటే వేధింపు. ఆమె ముఖానికి ఎవరిదో ఒళ్ళు అతికించిన బొమ్మలు. పొద్దున ఏ స్టాపులో చాయ్ తాగిందో సాయంత్రానికల్లా మెసేజి. నాలుగు ఖాతాలూ ఒకే ఫోనువని సైబర్ సెల్ తేల్చింది. ఆ ఫోను జిజిలేష్‌ది. అతను బయట బెంచీ మీద తల దించుకుని ఉన్నాడు. లోపల అతని మేనమామ కుంజంబు బతిమాలుతున్నాడు.

“కుర్రతనం మోళే, నా కూతురి లాంటిదానివి, ఏదో సరదాకి...”

“ముప్పయ్యొక్కేళ్ళ కుర్రాడా? ఆ బొమ్మలు మా అమ్మ ఫోనుకీ పంపాడు కుంజంబు చేట్టా. నెల రోజులు ఆవిడ గుమ్మం దాటలేదు.”

“క్షమాపణ రాయిస్తాను, రాజీ పడిపో,” అన్నాడు ఎస్సై.

“ఆ కాగితం నేనేం చేసుకోను? వెంటపడినందుకు న్యాయసంహిత డెబ్బై ఎనిమిదో సెక్షను, బూతుబొమ్మలకి ఐటీ చట్టం అరవై ఏడు. రెండూ రాసి ఎఫ్ఐఆర్ కాపీ నా చేతికివ్వండి. స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా మీ ముందే ఉన్నాయి. మీరు రాయకపోతే ఎస్పీ గారు, ఆయనా రాయించకపోతే మేజిస్ట్రేటు. నా బస్సు అన్ని స్టాపుల్లోనూ ఆగుతుంది సార్.”

ఎస్సై విసుగ్గా పెన్ను మూత తీశాడు. కుంజంబు చేతులు జోడించాడు.

“ఆదివారం వాడి పెళ్ళి. పందిరి వేసేశాం. నీ పంతానికి ఇంకో ఆడపిల్ల బతుకు పాడు చేస్తావా?”

ప్రజిష బల్ల మీది స్క్రీన్‌షాట్లకేసి చూసింది.

అంతలో ఒకమ్మాయి రొప్పుతూ లోపలికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. కుంజంబు ముఖం విప్పారింది.

“ఇదిగో, పెళ్ళికూతురే వచ్చింది! చెప్పు శ్రీతూ, నువ్వే అడుగు ఈవిడని!”

శ్రీతు వచ్చి ప్రజిష చేతులు పట్టుకుంది. ప్రజిష గుండె రాయి చేసుకుంది.

“అడక్కు చెల్లీ. నువ్వు కాళ్ళ మీద పడినా నేను తగ్గను.”

“తగ్గకు చేచ్చీ,” అంది శ్రీతు. “ఆ పెళ్ళి వద్దని చెప్పేసే వచ్చాను.”