మసక వెలుగు పరీక్ష

“మళ్లీ తలుపేసుకున్నారా?” అంది పెద్దక్క, చేతిలోని సర్క్యూట్ బోర్డు కింద పెట్టకుండానే.

సాల్డరింగ్ బల్ల దగ్గర కూర్చున్న, వర్క్‌షాపులో అందరూ వదిన అని పిలిచే పనావిడ తలెత్తింది. “పొద్దుటి టీ తాగి వెళ్లిన నీ తమ్ముడూ, ఆ కొత్త ఇంజనీరమ్మాయీ ఇంకా బయటికి రాలేదు. చీకటి గదిలో పని కదా, మనకెందుకులే.”

“చీకటి గది కట్టించింది తెరల వెలుగు చూడ్డానికి. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి కాదు.”

వదిన నవ్వు ఆపుకోలేక దగ్గింది. పెద్దక్కకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ చిన్న వర్క్‌షాపు ఆమెదీ, తమ్ముడిదీ. తల్లి పోయేనాటికి వాడికి ఇంకా మాటలే రాలేదు. చంకనెత్తుకుని పెంచింది. వాడు పెద్దవాడై, తెరలకు కరెంటు అందించే బోర్డులు తయారు చేయడం మొదలుపెడితే, వాటిని పరీక్షించే పని తాను తీసుకుంది.

ఆ బోర్డులో ఒక స్విచ్ ఉంటుంది. కంటికి అందనంత వేగంగా పడుతూ లేస్తూ ఉంటుంది. తెర వెలుగు తగ్గించినప్పుడు దానికి అంత శ్రమ దండగ. మధ్యమధ్య విరామం ఇస్తే కరెంటు ఆదా అవుతుంది. కానీ ఆ విరామం కుదురుగా లేకపోతే తెర వణుకుతుంది, లేదా బోర్డు దోమ రొదకన్నా సన్నగా ఈల వేస్తుంది. వెలుగు మెల్లగా తగ్గిస్తూ, బోర్డును చెవి పక్కన పెట్టుకుని ఆ ఈలను పట్టుకోవడం పెద్దక్క పని. ఆమె సరే అననిదే ఒక్క బోర్డూ గడప దాటేది కాదు. చప్పుడు కొలిచే మీటరు కొందామని ఒకసారి తమ్ముడంటే, “నేను పోయాక కొనుక్కో” అని కసిరింది.

ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే తెరల ఆర్డరు రావడంతో ఈ కొత్త ఇంజనీరమ్మాయి వచ్చింది. కరెంటు ఇంకా మిగలాలి, తెర ఇంకా నిలకడగా ఉండాలి, పక్కన రోగి హాయిగా నిద్రపోవాలి. అదీ ఒప్పందం. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి తమ్ముడి నోట ఆమె మాటే. స్విచ్‌కు విరామం ఎక్కడివ్వాలో ఆమెకు తెలుసట. బోర్డు వేడి సగానికి తగ్గించిందట.

పైగా ఆ పిల్ల చెవుల్లో ఎప్పుడూ ఏవో కుక్కుకుని తిరుగుతుంది.

“పని వేళ పాటలేమిటమ్మా?” అని ఒకరోజు అడిగేసింది పెద్దక్క.

“పాటలు కాదు పెద్దక్కా...” అని నసిగి, ఆ పిల్ల తమ్ముడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. ఆ ఒక్క చూపుకే పెద్దక్క ఒళ్లు భగ్గుమంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు కంచంలో వేళ్లు కెలుకుతూ కూర్చున్నాడు.

“అక్కా, ఈ ఆర్డరు అయ్యాక నువ్వు సరుకు కొనే పని చూసుకోరాదూ?”

“మరి పరీక్ష బల్ల?”

“ఆ అమ్మాయి చూస్తుంది.”

“నా బల్ల అయింది. తర్వాత నా వంటగదా?”

“అక్కా! అదేం మాట?”

“ఉన్న మాటే. నన్ను వదిలేసి పోతావట్రా?”

“ఎక్కడికి పోతాను? నీకెలా చెప్పాలో తెలియడం లేదు, అంతే.”

పెద్దక్క చేతిలోని ముద్ద కంచంలోనే వదిలేసింది. చెప్పడానికి ఇంకేం మిగిలింది? పెళ్లయిన కొత్తలో ఆమె భర్త కూడా ఇలాగే మాటలు మింగుతూ, గది తలుపు వేసుకుని ఎవరితోనో మాట్లాడేవాడు. ఒకనాడు ఆ తలుపు తీసుకుని పెట్టెతో బయటికొచ్చాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

కంచం కడుక్కుని వచ్చేసరికి తమ్ముడు అక్కడ లేడు. ప్యాకింగ్ బల్ల ఖాళీగా ఉంది.

“పొద్దున నేను సరే అన్న బోర్డులేవి?” అని వదినను అడిగింది.

వదిన ఇబ్బందిగా కదిలింది. “లోపలికి తీసుకెళ్లారు. ఆ అమ్మాయి చూశాకే ప్యాక్ చేయమన్నాడు.”

“నేను సరే అన్నాక కూడానా?”

“ఈ మధ్య అన్నీ అంతే పెద్దక్కా. నువ్వు బాధపడతావని చెప్పొద్దన్నాడు.”

పెద్దక్క చెంగు నడుముకు బిగించింది. ఎండ పడుతున్న వరండా దాటి, చీకటి గది తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టి, వెనకాలే తలుపు మూసింది. ఎండలోంచి వచ్చిన కళ్లకు ముందు ఏమీ ఆనలేదు. పొద్దుటి బోర్డులన్నీ బల్ల మీద ఒకేసారి పనిచేస్తున్నట్టున్నాయి. వెలుగు బాగా తగ్గించిన తెరలు వరసగా మసకమసకగా కనిపిస్తున్నాయి. వాటి వెనక రెండు నీడలు.

“ఒరేయ్, నేను ఒప్పుకున్న పనిని ఇది ఒప్పుకోవాలా?” అంది. “పెళ్లి చేసుకుంటే చేసుకో. అడ్డం రాను. ఇంటికి తెచ్చుకో, పక్క గది ఖాళీ చేసిస్తాను. కానీ నన్ను ఓ మూలకు నెట్టి, దాన్ని నా బల్ల దగ్గర కూర్చోబెడితే ఊరుకోను.”

గదిలో చడీచప్పుడూ లేదు.

“అమ్మాయ్, నీకే చెప్తున్నా! వాణ్ణి నేను పెంచాను. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు ఎగరేసుకుపోతానంటే ఎలా?”

నీడలు కదల్లేదు.

“ఇంత నిశ్శబ్దంలో నా మాట వినపడటం లేదా మీకు?” అని అరిచింది.

మెల్లగా కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి.

ఇద్దరూ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, ముఖం చిట్లించి బల్ల మీది బోర్డుల వైపే చూస్తున్నారు.