నలభై అయిదు కిలోలు

ఈ ఉదయం పళ్ళు తోముకుంటుంటే అద్దం పచ్చగా వెలిగి, "హేమవల్లి గారూ, మీరు నలభై అయిదు కిలోలయ్యారు. ఇక రక్తం ఇవ్వవచ్చు" అంది. బరువు చాలదని పుట్టింట్లోనూ ఇక్కడా మూడేళ్ళుగా అద్దాలు నన్ను వద్దంటూనే ఉన్నాయి మరి! నోట్లో నురగతోనే మా ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"మా అమ్మ పెట్టిన నెయ్యి పనిచేసింది" అని ఆయన నవ్వారు.

ఆయన ఇచ్చిన రక్తం ఎవరికి చేరిందో ఫోన్ చెబుతుంది. మొన్నటిది మచిలీపట్నంలో ఒక బాలింతకు వెళ్ళింది. నాది ఏ ఊరు చూస్తుందో!

అద్దమే కబురు పెట్టినట్టుంది, పది నిమిషాల్లో డ్రైవర్ లేని రక్తం బండి గుమ్మం ముందు ఆగి, "ఏం తిన్నారమ్మా?" అని అడిగింది. నేనేమీ తినలేదు. శ్రావణ మంగళవారం, కొత్త కోడలిని, నోములో ఉన్నాను.

"ఖాళీ కడుపుతో కుదరదమ్మా."

ఈ రోజు పస్తుంటే రేపటికి బరువు తగ్గిపోదూ? నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మాయ్, పూజ తొమ్మిదింటికే ముగిద్దాం. తరవాత రోజంతా నీకు తినడమే పని" అన్నారు అత్తయ్య. బండి వైపు తిరిగి, "రేపు ఏడింటికి రా నాయనా, ఇడ్లీలు తినిపించి కూర్చోబెడతాను" అని చెప్పారు.

నాకు సూదంటే భయమని ఆవిడకెలా తెలిసిందో! రేపు నా చెయ్యి తనే పట్టుకుంటారట.