మోకాళ్లు పోయిన కంప్యూటరు

దేవుడు కంప్యూటర్ల మొర కూడా ఆలకిస్తాడా అన్న అనుమానం పెద్దక్కకి ఏళ్ల తరబడి ఉంది. అయినా రోజూ స్విచ్చి నొక్కే ముందు తన కంప్యూటరుకి ఓ దణ్ణం పెట్టుకునేది. ఆఫీసులో అందరూ ఆవిడని పెద్దక్క అనే పిలుస్తారు.

"అది స్విచ్చికి లేస్తుందా, మీ దణ్ణానికి లేస్తుందా?" అని పక్క సీటు గుమాస్తా ఏడిపించేవాడు.

"రెండింటికీ లేవనంటోంది బాబూ, నాలాగే."

ఆ రోజు దణ్ణం కాస్త ఎక్కువసేపు పట్టింది. కంప్యూటర్లన్నిటికీ కొత్త సిస్టమ్ ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎక్కనిదాన్ని తుక్కులో వేస్తారు. దాని ముందున్న సీటూ ఎత్తేస్తారు. అప్పుడు పెద్దక్క బదిలీ మీద వేరే ఊరు పోవాలి. ఇంట్లో చూస్తే మంచం దిగలేని అత్తగారు. చీకటితోనే లేచి ఆవిడకి ఒళ్లు తుడిచి, ఇంత తినిపించి, కూర్చునే చోటు దొరకని బస్సులో వేలాడుతూ వచ్చే ప్రాణం పెద్దక్కది.

మెకానిక్ వచ్చాడు. పొద్దుటి నుంచి అతనికది పద్నాలుగో కంప్యూటరు. పక్క మూత ఊడదీసి చూసి నిట్టూర్చాడు.

"దీనికి మోకాళ్లు పోయాయక్కా. కొత్త మెట్లు ఎక్కలేదు."

"ఏదో ఒకటి చూడు తమ్ముడూ. నీకు తెలియందేముంది, మా ఇంటి సంగతి."

అతను తల దించుకున్నాడు. కొత్తగా పనిలో చేరినప్పుడు పొరపాటున ఏడాది రికార్డులు తుడిచేసింది అతనే. "నా చెయ్యే తగిలింది" అని ఆ తప్పు నెత్తిన వేసుకుని, ప్రమోషను పోగొట్టుకుంది పెద్దక్క. ఆ మాట ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

మేనేజరుకి ఆ వారమే కొత్త కంప్యూటరు వచ్చింది. దానికీ ఆ సిస్టమే పెట్టాలి. మెకానిక్ రెండు డబ్బాలనూ స్టోరు గదిలోకి మోసుకెళ్లి తలుపేసుకున్నాడు. భోజనానికి కూడా బయటికి రాలేదు.

నాలుగింటికి ఎవరి డబ్బా వాళ్ల బల్ల మీదికి చేరింది. పెద్దక్క కళ్లు మూసుకుని స్విచ్చి నొక్కింది. తెరిచేసరికి తెర వెలిగి, పని చెప్పమన్నట్టు సిద్ధంగా ఉంది.

మేనేజరు వచ్చి నాలుగు ఫైళ్లు తెరిపించి చూశాడు. "ముసల్ది పరుగెడుతోందే! సరే, ఈ సీటు ఉంటుంది" అని కాగితం మీద సంతకం గీకేశాడు.

తన గదిలోకి వెళ్లిన కాసేపటికే కేక పెట్టాడు. "ఏంటయ్యా ఇది, కొత్తది పట్టుకుని నత్తలా పాకుతోంది?"

"కొత్త కాపురం కదా సార్! అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి" అన్నాడు మెకానిక్.

పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలింది. చాలా రోజులకి నడుం ఆనింది.

"చూశావా తమ్ముడూ, ఎందుకూ పనికిరాదన్నావు! పాతదైనా నా కంప్యూటరు నా పరువు నిలబెట్టింది."

మెకానిక్ సంచీ భుజానికి తగిలించుకుని, ఆవిడ వైపు వంగాడు.

"గట్టిగా అనకండక్కా, మేనేజరుగారి కొత్త డబ్బా లోపల మూలుగుతున్నది మీ పాతదే."