తువ్వాలు కొస

మునీశ్వరి గట్టిగా పట్టుకున్న వేలు వాళ్ళ నాయనది కాదు.

ఆ సంగతి ఆ పిల్లకు పది అడుగులు నడిచాక గానీ తెలియలేదు.

తప్పు పిల్లది కాదులెండి. తిరుమల కల్యాణకట్టలోంచి బయటికొచ్చే మగవాళ్ళందరివీ నున్నటి గుండ్లే. అందరి నెత్తినా గంధమే. అందరికీ తెల్ల పంచెలే. పొద్దున ఒత్తయిన జుట్టుతో, మీసంతో లోపలికి పోయిన నాయన ఇప్పుడెలా ఉంటాడో ఆరేళ్ళ పిల్లకేం తెలుసు?

తలెత్తి చూసింది. ఎన్నడూ చూడని మొహం.

"ఎవురమ్మా నువ్వు? మీ వాళ్ళు యాడ?" అన్నాడాయన.

మునీశ్వరి చటుక్కున వేలు వదిలేసింది. పుంగనూరులో బస్సెక్కే ముందు నాయనమ్మ రెడ్డెమ్మవ్వ చెప్పిందే చెవుల్లో మోగుతోంది.

"కొండ మింద పిల్లోళ్ళను ఎత్తుకోని పోయేవాళ్ళు ఉంటారు. గొలుసు కోసరం గొంతు పిసికేస్తారు. నాయన చెయ్యి ఇడస్తివా, అంతే!"

అవ్వ ప్రతిదానికీ భయపెట్టే మనిషే. కానీ పిల్లకి అది వేదం.

ఆయన వెనక్కి చూశాడు. ఇద్దరు మగవాళ్ళు ఇందాకటి నుంచీ వెనకే వస్తున్నారు. ఆయన ఆగితే వాళ్ళూ ఆగారు. ఆయన వాళ్ళ వైపు చూశాడు, పిల్ల మెడ వైపు చూశాడు.

గబుక్కున పిల్లను స్తంభం చాటుకు లాగాడు. మెడలో గొలుసు తీసేశాడు.

మునీశ్వరి ఏడుపు లంకించుకుంది.

"ఏడవద్దు పాపా. నా బిడ్డ కూడా నీయంతే ఉంటాది" అంటూ ఏవేవో చెబుతూనే ఉన్నాడు.

తర్వాత ఆమె గుండు మీద కప్పిన తువ్వాలు లాగాడు. నోరు కట్టేస్తాడనుకుని మునీశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు పిసికేది ఇప్పుడే అనుకుంది. తెరిచేసరికి తువ్వాలు మళ్ళీ తలమీదే ఉంది.

"పద, మైకులో చెప్పిద్దాం."

నాలుగడుగులు వేశారో లేదో, "మునీశ్వరీ!" అని కేక.

గుండుతో ఇంకొకాయన పరిగెత్తుకొస్తున్నాడు. గొంతు మాత్రం నాయనదే. వెనకే కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా అమ్మ ఉషారాణి, ఆ వెనక రెడ్డెమ్మవ్వ.

"నాయనా! ఈయప్ప నా గొలుసు తీసేసినాడు నాయనా!"

అంతే. టైలరు వెంకటేశులు జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. ఇంతసేపూ బిడ్డ కోసం పిచ్చివాడిలా తిరిగిన భయమంతా ఆ చేతిలోకి వచ్చింది. ఒక్కటి పీకాడు. ఆపైన చుట్టూ ఉన్నవాళ్ళు అందుకున్నారు.

"నడుంలో సూడండప్పా!" అన్నాడెవరో.

పంచె మడతలో పసుపు గుడ్డ మూట దొరికింది. వెంకటేశులు ముడి లాగేశాడు. సన్నటి గొలుసు తళుక్కుమంది.

"అది నా బిడ్డదప్పా..." అన్నాడాయన, చిట్లిన పెదవితో.

"ఏమ్రా, నా బిడ్డ అప్పుడే నీ బిడ్డయిపోయిందా?"

ఆయన పిల్ల వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పబోయాడు. చెప్పనిస్తేగా! చెరొక రెక్కా పట్టుకుని పోలీసుల దగ్గరికి ఈడ్చుకుపోయారు.

పసుపు గుడ్డ కింద పడి ఉంది. రెడ్డెమ్మవ్వ దాన్ని చూసి నిలబడిపోయింది.

"దొంగోడికి పసుపు గుడ్డ యాలరా?"

ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు. వెంకటేశులు గొలుసును బిడ్డ మెడలో వేసి, గుండెకు హత్తుకుని భోరుమన్నాడు.

దర్శనం అయ్యేదాకా ఉషారాణి పిల్లను చంక దించలేదు. బిడ్డ దక్కినందుకు హుండీలో నూటపదహార్లు వేశారు.

సాయంత్రం పుంగనూరు బస్సు చంద్రగిరి దాటింది. ఉషారాణి ఇంకా పక్క సీటులో ఎవరు దగ్గినా పిల్లను దగ్గరికి లాక్కుంటోంది.

"అమ్మా, గొలుసు బిగుతుగా ఉండాది."

"ఏడ్సి ఏడ్సి మెడ వాసిందిలే. పండుకో."

చెమట తుడుద్దామని తలమీది తువ్వాలు తీసింది. కొసన గట్టిగా ఏదో తగిలింది. ముడి. మామూలు ముడి కాదు, రెండుసార్లు బిగించింది. పళ్ళతో లాగితే గానీ రాలేదు.

లోపల గొలుసు.

కొక్కీ విరిగితే వెంకటేశులు తన మిషను మీది ఎర్రదారంతో కట్టిన గొలుసు. ఆ ఎర్రదారం అట్లాగే ఉంది.

ఉషారాణి బిడ్డ మెడ కేసి చూసింది. అక్కడ ఇంకో గొలుసు.

"ఏమండీ..." అంది. ముడిలోని గొలుసు ఆయన ముందు పట్టింది.

వెంకటేశులు రెండు గొలుసులూ చూశాడు. తన చేతిని తనే చూసుకున్నాడు.

"ముడుపురా అది! ఎవురి మొక్కో, ఇప్పేసినావు కదరా!" అవ్వ నెత్తి కొట్టుకుంది.

"డ్రైవరప్పా, ఆపు! బస్సు ఆపు!" వెంకటేశులు లేచి పరిగెత్తాడు.

ఉషారాణి పిల్ల భుజాలు పట్టుకుంది. పొద్దుటి నుంచీ ఎవరూ అడగని మాట ఇప్పుడు అడిగింది.

"ఆయప్ప నీతో ఏం చెప్పినాడమ్మా?"

"వాళ్ళ పాప ఆస్పత్రిలో ఉండాదంట" అంది మునీశ్వరి, మెడలో గొలుసు తడుముకుంటూ. "రేపు పొద్దున గుండె ఆపరేషనంట, ఆ లోపల దీన్ని సామి హుండీలో ఎయ్యాలంట."