ఈ నోటికి అక్కర్లేదు

"మేడం, బయటొక పెద్దాయన గంట నుంచీ కూర్చున్నాడు. టీవీ చూడడు, పేపరు తియ్యడు. లోపల్నుంచి వచ్చేవాళ్ళ నోళ్ళకేసే చూస్తున్నాడు," అంది నర్సు.

"చూస్తే చూడనీ. లోపలికి పంపు," అంది పళ్ళ డాక్టరు.

పెద్దాయన వచ్చి కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి.

"సున్నాలు వేస్తారా?"

"అలాంటి పనేనమ్మా," అన్నాడు నవ్వుతూ. "ఈ పన్ను అంచు బుగ్గకి గీసుకుంటోంది. కాస్త నున్నగా చేస్తే చాలు."

అదెంత, రెండు నిమిషాల పని. కానీ నోట్లోకి లైటు వేసి చూసేసరికి డాక్టరుకి ఒళ్ళు మండింది. వెనక దవడ పళ్ళు ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఇదేంటండీ! ఇవి పోయి ఎన్నాళ్ళయింది?"

"పదేళ్ళు దాటిందమ్మా."

"పదేళ్ళుగా ఇలా ఖాళీగా వదిలేశారా? కట్టించుకోవాలని తెలీదా?"

"ముందువి ఇరవై ఉన్నాయి కదమ్మా. హాయిగా తింటున్నాను. వెనక కట్టాలంటే ఈ మంచి పళ్ళకి కొక్కేలు తగిలించాలి. పాపం, వాటినెందుకు ఇబ్బంది పెట్టడం?"

"డాక్టరు మీరా, నేనా?"

"మీరేనమ్మా."

ఆవిడ లెక్కలో నోట్లో ఖాళీ అంటే నిర్లక్ష్యం, అంతే. కాలేజీలో అలాగే నేర్చుకుంది, పదిహేనేళ్ళుగా అలాగే కడుతోంది. వద్దన్నవాళ్ళని ఊరికే వదిలిన పాపాన పోలేదు.

"కొత్తవి అలవాటయ్యేదాకా నేనుండాలిగా," అన్నాడాయన.

"ఆ మాటలే వద్దు. నోరు తెరవండి," అని గదమాయించి పళ్ళ అచ్చు తీసేసుకుంది.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అమ్మా, నేను..."

"వారం తర్వాత రండి. నర్సూ, తర్వాత ఎవరు?"

అచ్చు ల్యాబుకి వెళ్ళింది. డాక్టరు అచ్చులు పంపుతుంది, అక్కడ ఒక మేస్త్రీ పళ్ళు చేసి పంపుతాడు. ఆయన మొహం ఆవిడ ఎన్నడూ చూడలేదు. రోగి పేరు కూడా ఉండదు, నంబరే. మాటలన్నీ చీటీల మీదే.

ఆరేళ్ళ కిందట డాక్టరు వాళ్ళమ్మ పళ్ళన్నీ పోయాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడాదిపాటు గుమ్మం దాటలేదు పిచ్చితల్లి. అప్పుడు మేస్త్రీ పళ్ళతోపాటు చీటీ పంపాడు: "ముందు పన్ను ఒకటి కొంచెం వంకరగా పెట్టాను. మీరిచ్చిన పాత ఫోటోలో అలాగే ఉంది."

అద్దంలో ఆ వంకర పన్ను చూసుకుని అమ్మ మళ్ళీ నవ్వింది.

"ఆ చేతులకి ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలే. తీసుకెళ్ళవే," అని అమ్మ అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది.

"వెళ్దాంలే అమ్మా," అని డాక్టరు అప్పట్నుంచీ అంటూనే ఉంది.

పెద్దాయన అచ్చు రెండో రోజే తిరిగొచ్చింది. దాంతో ఒక చీటీ: "ఈ నోటికి అక్కర్లేదు. ఉన్నవి చాలు."

డాక్టరుకి చిర్రెత్తుకొచ్చింది. ఆ చీటీ వెనకే రాసి, అచ్చుతో సహా తిప్పి పంపింది: "చెప్పింది చెయ్యండి. ఈ నోటి సంగతి మీకేం తెలుసు?"

వారానికల్లా పళ్ళు వచ్చాయి. అంత అందమైన పని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఈసారి చీటీ లేదు.

పెద్దాయన మాత్రం రాలేదు.

"చూశావా? మన తాపత్రయమే గానీ వాళ్ళకి పట్టదు," అంది నర్సుతో, పళ్ళని సొరుగులో పడేస్తూ.

ఆ తర్వాత ల్యాబు నుంచి వచ్చిన పళ్ళు ఒక్కరికీ సరిగ్గా కూర్చోలేదు. ఒకటికి రెండుసార్లు తిప్పి పంపినా అంతే. నెల చూసి, ఇక లాభం లేదని అమ్మని వెంటబెట్టుకుని డాక్టరే బయల్దేరింది. దణ్ణం పనీ, దెబ్బలాట పనీ రెండూ ఒకేసారి అయిపోతాయనుకుంది.

ల్యాబులో కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని ముందు ఖాళీ స్టూలు.

"మేస్త్రీగారేరీ?"

ల్యాబు యజమాని తల దించుకున్నాడు. "పోయాడమ్మా. నెలవుతోంది. ఆర్నెల్ల ముందే డాక్టర్లు చెప్పేశారు, ఎవరికీ చెప్పుకోలేదు."

అమ్మ ఆ ఖాళీ స్టూలుకే రెండు చేతులూ జోడించింది. ఏడుపు ఆపుకుంటుంటే ఆ వంకర పన్ను పెదవి మీద అదురుతోంది. డాక్టరు అమ్మ మొహంలోకి చూడలేకపోయింది. ఆరేళ్ళలో ఒక్క పూట తీరలేదా తనకి?

"చివరిగా చేసింది మీ పనేనమ్మా. కూర్చోలేక, గోడకి ఆనుకుని చేశాడు. ఎందుకయ్యా అంటే, అమ్మాయిగారు కోప్పడ్డారు అన్నాడు."

"అవా..." అంది డాక్టరు. "అవి నా సొరుగులోనే ఉండిపోయాయండీ. ఎవరో సున్నాలేసే పెద్దాయన, పెట్టించుకోడానికి మళ్ళీ రాలేదు."

యజమాని తెల్లబోయి చూశాడు.

"సున్నాలేసేవాడేంటమ్మా? తను చేసిన పళ్ళు మనుషుల నోళ్ళలో ఎలా నవ్వుతున్నాయో పోయేముందు ఒక్కసారి చూసుకుంటానని మీ దగ్గరికి వచ్చింది మా మేస్త్రీయే, ఆ అచ్చు ఆయన నోటిదే."