ఐదో మేకు

"ఈ మూడోది మా పిన్ని. గుర్తుందా?" అన్నాడు వడ్రంగి, తలుపు మూసి దానికి వీపు ఆనించి.

ఫొటోగ్రాఫర్ గోడకేసి చూసింది. నాలుగు టేకు ఫ్రేముల్లో నాలుగు ఫొటోలు. నాలుగూ ఆమె తీసినవే. ఒక్కతే సంచీ తగిలించుకుని, ముందొచ్చిన బస్సెక్కి, మనసైన చోట దిగి, జన్మలో ఫొటో ఎరగని ముసలివాళ్ళని కూర్చోబెట్టి తీసి, అక్కడికక్కడే ప్రింటు చేతిలో పెట్టి వెళ్ళిపోవడం ఆమె అలవాటు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోదు. ఈ వీధికి కిందటిసారి వచ్చి ఏడాదయింది. ఇవాళ బస్సు కిటికీలోంచి ఈ మలుపు కనబడితే, ఆ పెద్దవాళ్ళు ఎలా ఉన్నారో చూద్దామనిపించి దిగిపోయింది. వడ్రంగి ఎదురొచ్చి "మీకోసమే చూస్తున్నాం, లోపలికి రండి" అంటే మర్యాద కాబోలనుకుంది.

"గుర్తున్నారు. నవ్వమంటే, పళ్ళు లేవని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. బాగున్నారా?"

"కింద చదవండి."

ప్రతి ఫ్రేము కిందా గోడ మీద పెన్సిలుతో ఒక తేదీ. ఏడు. పదకొండు. పదహారు. ఇరవై నాలుగు. నెల ఒకటే. ఆ నెల ఐదో తేదీనే ఆమె ఇక్కడికి వచ్చింది.



"మా నాన్న, బాబాయి, పిన్ని, మేనత్త" అన్నాడు వడ్రంగి. "ఇరవై రోజుల్లో నలుగురూ. ఒకళ్ళ ఫ్రేముకి పాలిషు ఆరకముందే ఇంకొకళ్ళు."

"ఆ నెలంతా జ్వరాలు కదన్నా. ఎక్కడ చూసినా..."

"జ్వరం నాకూ వచ్చింది, నా భార్యకీ వచ్చింది. లేచి తిరుగుతున్నాం."

"వాళ్ళు పెద్దవాళ్ళు. నేను తీసేదే వయసు మళ్ళినవాళ్ళని."

"మా అమ్మదీ వాళ్ళ వయసే." అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకి ఇంత భయం వేసేది కాదు. "ఆ రోజు మీరు ఎంత పిలిచినా రాలేదు. సిగ్గుపడి వంటింటి తలుపు వెనక దాక్కుంది. జ్వరం ఆవిడకీ వచ్చింది. నిక్షేపంలా ఉంది. మరి దీనికేమంటారు?"

ఆమె మళ్ళీ గోడ మీది తేదీలకేసి చూసింది.

"కెమెరా ఇలా ఇవ్వండి."

అతని రెండో చేతిలో ఉలి ఉంది. పని మధ్యలో లేచొచ్చాడు కాబట్టి ఉందో, కావాలనే తెచ్చుకున్నాడో తెలియలేదు. ఆమె ఇచ్చేసింది.

"ఫోను కూడా."

అదీ ఇచ్చింది.

"బాబాయి కొడుకుల్ని పిలుచుకొస్తాను. మిమ్మల్ని ఏం చెయ్యాలో వాళ్ళొచ్చాక అనుకుంటాం. అరవకండి. అరిస్తే వీధి వీధంతా వస్తుంది. వాళ్ళు నా అంత నిదానస్తులు కారు."

బయట గడియ పడింది.

గది నిండా చెక్కపొట్టు, వార్నీషు వాసన. ఉన్న ఒక్క కిటికీకి ఇనప చువ్వలు. ఆమె చువ్వలు పట్టుకుని బయటికి చూసింది. అటుగా వెళ్తున్న వడ్రంగి భార్య గతుక్కుమని ఆగి, మొహానికి చాట అడ్డం పెట్టుకుంది.

"వదినా, కాసిని మంచినీళ్ళిస్తావా?"

"నన్ను చూడకమ్మా, నీకు పుణ్యముంటుంది. పసిపిల్లల తల్లిని" అంటూనే ఆవిడ చెయ్యి చాపి కిటికీ రెక్క బయటినుంచి మూసేసింది. పక్కింటి వైపు పరిగెత్తిన చప్పుడు వినబడింది.

గది మసకబారింది. రెక్క సందులోంచి సన్నటి వెలుగొకటి గోడ మీద పడుతోంది. అప్పుడు కనబడింది, నాలుగో ఫొటో పక్కన ఐదో మేకు. తళతళలాడుతున్న కొత్త మేకు. తక్కిన నాలుగూ గీత గీసినట్టు వరసలో ఉన్నాయి. ఇది మాత్రం కిందికి దిగి, వంకర తిరిగి ఉంది. కొట్టినవాళ్ళ చెయ్యి వణికిందో, కోపంతో కొట్టారో. దానికి ఏమీ వేలాడటం లేదు.

ఎవరి ఫొటో కోసం? ఆమె చెక్కపొట్టులో చతికిలబడింది. తను ఈ వీధిలో దిగినట్టు ఎవరికీ తెలియదు. ఎక్కడికి వెళ్తోందో ఏనాడూ ఎవరికీ చెప్పి బయల్దేరింది కాదు. బస్సెక్కేవరకూ తనకే తెలియదు కదా.

ఎంతసేపయిందో. బయట అడుగుల చప్పుడు. ఒక్కరివే. ఈడ్చి ఈడ్చి, ఆగి ఆగి వస్తున్నాయి. గడియ కిర్రుమంటూ అంగుళం జరిగి, ఆగి, మళ్ళీ జరిగింది. ఆమె చేతికందిన చెక్కముక్క పట్టుకుని తలుపు పక్కన గోడకి అతుక్కుపోయింది.

తలుపు ఓరగా తెరుచుకుంది.

నడుం వంగిపోయిన ముసలావిడ. తడిచేత్తో సర్దుకున్నట్టు తల నున్నగా దువ్వి ఉంది. మెడలో కెమెరా, చేతిలో ఫోను.

"ఆ కర్ర అవతల పారెయ్యి. నన్ను కొట్టడానికి అంత కర్రెందుకు, ఊదితే చాలు" అంది గుసగుసగా. "నేను వాడి అమ్మని. కోడలు పక్కింట్లో దూరింది. పెరటి తలుపు తీసిపెట్టాను. సందు దాటితే బస్సు రోడ్డే."

ఫొటోగ్రాఫర్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. "మీ రుణం తీర్చుకోలేనమ్మా" అంటూ కెమెరా అందుకుంది.

ముసలావిడ అప్పుడే వెళ్ళనివ్వలేదు. తలుపు దగ్గరికి వేసి, ముక్కాలి పీట గోడ దగ్గరికి లాక్కుని, సరిగ్గా ఆ వంకర మేకు కింద కూర్చుంది. పక్కనున్న నాలుగు ఫొటోల్నీ ఓసారి తేరిపార చూసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, వీలైనంత నిటారుగా సర్దుకుంది.

"ఎందుకు తీర్చుకోలేవు? ఈ మేకు నేను కొట్టుకున్నదే. వాడొచ్చేలోపు నా ఫొటో తీసెయ్ తల్లీ, ఈసారి దాక్కోనులే."