పిల్లాణ్ణి ఆడించే కూలి

"నాలుగు రూపాయలా!" సత్యం గొంతు లేచింది. "నెలంతా నేస్తే నాకు మిగిలేది పదిహేను. పిల్లాణ్ణి ఆడించినందుకు నాలుగా?"

"ఇష్టమైతేనే," అన్నాడు గోడ అవతలి వెంకటప్పయ్య, తెగిన పోగు ముడేసుకుంటూ. "ఆవిడ నా ఇంట్లో నూలు కండెలు చుడితే రోజుకు రెండణాల పని. నెలకెంతయిందో నువ్వే లెక్కేసుకో."

సత్యానికి ఒళ్లు మండిపోయింది. కొత్తగా నడక నేర్చిన కొడుకు ఇంట్లో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. పొద్దున నూలంతా చిక్కు చేశాడు. మధ్యాహ్నం మగ్గం గుంటలో పడి నుదురు పగలగొట్టుకున్నాడు. వాడి వెనక పరుగెత్తడంతోనే భార్య శివపార్వతికి పొద్దుగూకుతోంది. ఆమె కండెలు చుట్టకపోతే మగ్గం ఆడదు. శుక్రవారానికి చీరలు బెజవాడ చేరకపోతే షావుకారు మళ్లీ నూలివ్వడు. ఈ యుద్ధం రోజుల్లో నూలు ఇంకెక్కడా పుట్టదు.

"మాణిక్యమ్మ రెండు రూపాయలకే వస్తానంది," అన్నాడు బింకంగా.

"తెచ్చుకో. నీ కొడుకు ఆమె చంకలో గడియసేపు ఉంటే నా పేరు మార్చుకుంటాను."

నిజమే, ఉండడు. ఆ ముచ్చటా మొన్ననే తీరింది. పిల్లాడు మాణిక్యమ్మ చెయ్యి కొరికి వదిలిపెట్టాడు. వాడికి వెంకటప్పయ్య ఇంట్లో ఉండే రావమ్మే కావాలి. పుట్టినప్పటి నుంచీ నీళ్లు పోసిన చేతులవి.

"సరే, మూడు. అదీ ఆవిడ చేతికే ఇస్తాను."

"మూడున్నర. మధ్యాహ్నం అన్నం నువ్వే పెట్టాలి. డబ్బు మాత్రం నా చేతికి. కట్టుబట్టా, రాత్రి తిండీ చూస్తున్నది ఎవరు?"

అవసరం తనది. ఆ సంగతి తెలిసే బిగిస్తున్నాడు. మనిషన్నవాడికి కాస్తయినా జాలి ఉండొద్దూ!

రావమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఇద్దరి మాటలూ వింటోంది. ఇంత కావాలని ఆమె అడగలేదు. ఆమెను ఎవరూ అడగనూ లేదు. గోడ ఇవతల పిల్లాడి ఏడుపు పెద్దదైంది.

"తొందరగా తేల్చండి నాయనా, బిడ్డ గుక్కపట్టాడు," అంది.

సత్యం మొలలోంచి మూడున్నర తీసి, వెంకటప్పయ్య చేతిలో పెట్టాడు. రావమ్మ అప్పటికే పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. క్షణంలో ఏడుపు ఆగింది. వెంకటప్పయ్యను నోరారా తిట్టిపోద్దామనుకున్నాడు సత్యం. తిట్టకుండానే మగ్గం గుంటలోకి దిగాడు.

ఆర్నెల్ల కిందట తనూ వెంకటప్పయ్యా, అన్నదమ్ములిద్దరూ వేరుపడుతుంటే, "మీ అమ్మ ఒకరికి, కొత్త మగ్గం ఒకరికి, చిన్నవాడివి, ఏది కావాలో ముందు నువ్వే కోరుకో" అని పెద్దమనుషులంటే, తడుముకోకుండా మగ్గం కోరుకున్నది తనే.